ఎడమకు తిప్పని కాగితం

డ్రాఫ్ట్స్‌మన్‌గా నేను గీసిన వంతెనలు, గోదాములు, బడి గదులు రెండు జిల్లాల్లోనూ నిలబడి ఉన్నాయి. వాటిలో ఏదీ కదలదు. కదలకూడదనే వాటిని గీశాను. కదిలినందుకు నేను సంతోషించిన నిర్మాణం నా ఉద్యోగ జీవితంలో ఒక్కటే ఉంది. అది కాగితంతో చేసినది. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవారికి దాని సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కొలతలు ఉన్నచోట కొలతలే చెబుతాను. లేనిచోట లేవని చెబుతాను.

అప్పటికి నా పదవీ విరమణకు ఏడాది కూడా లేదు. శ్రీకాకుళం జిల్లాలో, సముద్రపు గాలి నేరుగా తగిలే ఒక ఊళ్లో, ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగానికి కొత్త భవనం పూర్తి కావస్తోంది. సూదిమందుకు వచ్చిన పిల్లలు కూర్చునే హాలుకు పైకప్పు బాగా ఎత్తు. గాలి ఆడుతుందని అలా గీశాం. కానీ ఒక పిల్లవాడు ఏడిస్తే ఆ ఏడుపు తెల్లటి గోడలకు కొట్టుకుని నలుగురు పిల్లల ఏడుపుగా వినిపించేది. పిల్లల దృష్టి మళ్లించడానికి పైన ఏదైనా వేలాడదీయాలని ఆసుపత్రి సూపరింటెండెంటు గారు అన్నారు. బొమ్మల ఫ్లెక్స్ ఒకటి ముద్రించి తెచ్చారు కూడా. అది చుట్ట చుట్టి సామాన్ల గదిలో పెట్టి ఉంది.

గోడలకు బొమ్మలు వేయడానికి నియమించిన యువతి ఆ ఫ్లెక్స్ చూసి ముఖం ముడిచింది. ఆమెది సాలూరు. తండ్రి లారీ బాడీలకు రంగులు వేసేవాడు. ఆమె విశాఖపట్నంలో చిత్రకళ చదివినా, మనసంతా కాగితం మడతల మీదే. నమూనా ఒకటి సంచిలో పెట్టుకుని మా విజయనగరం కార్యాలయానికి వచ్చి, నా బల్ల మీద విస్తరాకు అంత పలచటి కాగితపు బిళ్లను ఉంచింది. పై అంచు పట్టుకుని లాగింది. ఆ బిళ్ల లేచి మూరెడు స్తంభమై నిలబడింది. వదిలితే మళ్లీ బిళ్ల అయింది.

"మా నాన్న లారీల మీద పులులు, నెమళ్లు వేస్తాడు సార్. నేను అంత చదువూ చదివి కాగితం మడతపెడతానంటే ఇంట్లో నవ్వుతున్నారు," అంది. "మడతల్లో ఇది నా మొదటి పని. ఇది వద్దంటే నాకు ఇంకో పైకప్పు ఎవరిస్తారు?"

సూపరింటెండెంటు గారు ఆమెకు అవకాశం ఇచ్చారు, ఒక షరతు మీద. ప్రారంభోత్సవం నాటికి అది స్థిరంగా ఉందని డ్రాఫ్ట్స్‌మన్ సంతకం చేసి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే దాన్ని దించి ఫ్లెక్స్ కడతారు.

కనుక ఆ మడత లెక్క నేను నేర్చుకోవలసి వచ్చింది. కాగితాన్ని అడ్డంగా వరసలుగా, ప్రతి వరసను ఏటవాలు గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికి మూల నుంచి మూలకు ఒక మడత వేస్తారు. దాన్ని గొట్టంగా చుట్టి అదిమితే, తడిబట్టను పిండినట్టు ప్రతి వరసా మెలి తిరుగుతూ ముడుచుకుంటుంది. గళ్లు కుడికి వాలితే మెలిక ఒక వైపుకు, ఎడమకు వాలితే ఎదురు వైపుకు. ఆమె రూపకల్పనలో ఒక్కొక్క స్తంభానికి పన్నెండు వరసలు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, అలా మార్చి మార్చి. ప్రతి వరసా నలభై అయిదు డిగ్రీలు తిరిగినా ఒకదాని తిరుగుడును పక్కది రద్దు చేస్తుంది. మొత్తం సున్నా. కింది కొన తిరగకుండా నేరుగా దిగుతుంది. ఆ సున్నా చూసి నేను చాలా తృప్తి పడ్డాను. నిలువెత్తు స్తంభాలు తొమ్మిదింటికి పటం గీసి, కింద "స్థిరము" అని రాశాను.

మడిచే పని గజపతినగరం దగ్గరి పల్లెలో అడ్డాకులతో విస్తళ్లు కుట్టే ఆడవాళ్లకు అప్పగించాం. ఏ పనికైనా ముందు వాళ్లలో పెద్దావిడ చేయి వేయాలి. అందరూ ఆమెను మామ్మ అనేవారు, నేను కూడా. వయసు ఎంతో ఆమెకు తెలియదు, నేను అంచనా వేసి రాయను.

నిప్పు అంటకుండా మందు నీళ్లలో తడిపి ఆరబెట్టిన తెల్లటి కాగితాలను ఆమె ముందు పరిచాం. యువతి ఒక వరస మడిచి చూపించింది.

"ఏటి పాపా, ఇంత మంచి కాయితాన్ని నలిపేస్తన్నావు?" అంది మామ్మ.

"నలపడం కాదు మామ్మా, మడత."

"ఒసే, ఊరుకోయే," అంది పక్కనున్న ఆమె మామ్మతో. "పెద్ద సదువు సదివింది. ఆ పాపకి తెలీదేటి?"

"తెలిస్తే మనకాడికెందుకొస్తాది?" అంది మామ్మ. అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువగా యువతి నవ్వింది.

మడత గీతలు సరిగ్గా పడటానికి కత్తిరించిన అట్ట ఒకటి ఇచ్చాం. అట్టను కాగితం మీద ఉంచి, అంచుల వెంట చెంచా కాడతో గీత నొక్కాలి. ఒక వరస అయ్యాక అట్టను తిరగేయాలి, అప్పుడే తర్వాతి వరస ఎడమకు వాలుతుంది. యువతి రెండుసార్లు చెప్పింది. నేను మూడోసారి చెప్పాను. మామ్మ తల ఊపింది.

తర్వాతి వారాల్లో వీలైనప్పుడల్లా స్కేలు, డివైడరు పట్టుకుని వెళ్లేవాణ్ణి. నేను వంగి వరస వెడల్పు కొలుస్తుంటే మామ్మ చెంచా ఆపి నా వంక చూసేది.

"బాబూ, మీరు కాయితం కొలుస్తన్నారా, నా సేతి యేళ్లు కొలుస్తన్నారా?"

"కాగితమే మామ్మా."

"ఎలాగున్నాది?"

"సరిపోయింది."

"మరింకేటి? కూసోండి. టీ తాగండి. కొలిసి కొలిసి కాయితం అరిగిపోతాది."

పని పూర్తయ్యాక తొమ్మిది స్తంభాలూ బిళ్లలుగా అదిమి, విస్తరాకుల కట్టలాగే పీచుతో కట్టి పంపారు. నేను వ్యాసం కొలిచాను, బరువు తూచాను, అంచులు చూశాను. అన్నీ సరిపోయాయి. ఏ వరస ఎటు వాలిందో మాత్రం చూడలేదు. అదిమిన బిళ్లలో అది కనబడదు. మడిచే రోజుల్లో వెడల్పులు తప్ప నేను వేరేదీ చూడలేదు.

వేలాడదీసే రోజున మా అసిస్టెంటు ఇంజనీరు, అంటే ఏఈ, నిచ్చెన ఎక్కాడు. నాకంటే బాగా చిన్నవాడు, ఆ ఊరివాడే. మొదటి బిళ్లను కొక్కేనికి తగిలించి, కింది అంచుకు కట్టిన సన్నటి వెదురు చట్రాన్ని మెల్లగా వదిలాడు. అది నేరుగా దిగవలసింది. గిరగిర తిరుగుతూ దిగింది.

"ఏటి సార్ ఇది? స్తంభమన్నారు, బొంగరం ఏలాడదీశామేటి?" అన్నాడు పై నుంచి.

రెండోదీ అంతే. తొమ్మిదోదీ అంతే. ప్రతిదీ ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగింది. పన్నెండు వరసలు, వరసకు నలభై అయిదు డిగ్రీలు. అయిదువందల నలభై, అంటే సరిగ్గా ఒకటిన్నర చుట్టు. లెక్క తప్పలేదు. వరసలన్నీ ఒకే వైపు వాలాయి. అట్టను ఎవరూ తిరగేయలేదు.

యువతి మెట్ల మీద కూర్చుండిపోయింది. నేను ఏదో అనబోతే, "గజపతినగరం పోదాం సార్," అని మాత్రం అంది.

మేము వెళ్లేసరికి మామ్మ అరుగు మీద ఆకులు ఏరుతోంది. మమ్మల్ని చూసి చాప వేయించింది.

"మామ్మా, అట్ట తిరగెయ్యమన్నాను కదా?" అంది యువతి.

"అన్నావు."

"మరి?"

"నాను తిరగెయ్యొద్దన్నాను."

"ఎందుకు?"

"సంటిపిల్లలుండే సావిడి కదా అది? ఎడం తిప్పేటి పాపా? ఎడం తిప్పుడు కాటికాడ తిప్పుతారు. మంచి పనికి కుడే. ఇస్తరి కుట్టినా కుడికే కుట్టుకొస్తాం. మా యమ్మ అలాగే సేసింది, నానూ అలాగే సేస్తన్నాను. సగం పెళ్లికి, సగం సావుకి ఎవులైనా మడతేస్తారేటి?"

"అప్పుడే చెప్పొచ్చు కదా!"

"సెప్తే నువ్వు ఒప్పుకుందువా?"

యువతి కొంచెం ఆలోచించింది. "ఒప్పుకోను."

"అందుకే సెప్పలేదు."

కోపంతో వచ్చిన పిల్ల చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నేను నవ్వలేదు. వాలు ఎందుకు మార్చాలో, తిరుగుడు ఎలా రద్దవుతుందో, చివరికి సున్నా ఎలా వస్తుందో వివరించాను. మామ్మ శ్రద్ధగా విన్నది.

"సున్నా కావాలంటే ఇంత కాయితమెందుకు బాబూ?" అంది. "కప్పు కాళీగా ఒగ్గేస్తే సున్నాయే కదా."

 మందు పట్టించిన కాగితం మిగల్లేదు. మళ్లీ మడవడానికి వ్యవధి లేదు. తిరిగి వచ్చేశాం.

మేము ఆసుపత్రి చేరేసరికి సాయంత్రపు గాలి సముద్రం మీద నుంచి మొదలైంది. హాల్లో ఇంకా పని జరుగుతోంది. ఎవరి పనిలో వారున్నారు. యువతి ఒక్కతే తల ఎత్తి నిలబడింది.

"సార్, వాటిని ఎవరైనా ముట్టుకున్నారా?"

ఎవరూ ముట్టుకోలేదు. తొమ్మిది స్తంభాలూ ఒకే దిక్కుకు, ఒకే నెమ్మదితో తిరుగుతున్నాయి. గాలికి ఊగడం కాదు. గడియారం ముల్లు కదిలినట్టు, చూస్తూ ఉంటే తెలియదు, చూపు తిప్పి మళ్లీ చూస్తే తెలుస్తుంది. కారణం ఊహించడం కష్టం కాదు. సముద్రపు గాలి తేమ తెచ్చింది. తేమకు కాగితం మెత్తబడి, చట్రం బరువుకు ప్రతి మడతా వెంట్రుకవాసి తెరుచుకుంది. తెరుచుకున్న ప్రతి వరసా కొంచెం తిరిగింది. నేను గీసినట్టు మడిచి ఉంటే ఆ కొంచెం కొంచెం ఒకదానినొకటి మింగేసి, ఎవరికీ ఏమీ కనబడేది కాదు. ఒకే వైపు మడిచినందువల్ల పన్నెండు వరసల తిరుగుడూ కలిసి కంటికి ఆనింది.

"సార్," అంది యువతి, "నేను గీసినదానికన్నా ఇది బాగుంది."

నాకూ అలాగే అనిపించింది. కానీ బాగుండటం వేరు, సంతకం పెట్టడం వేరు.

"కదిలినాదంటే ఊడతాది సార్," అన్నాడు ఏఈ. "గేటు సూడండి, ఫేను సూడండి. కదలడం మొదలెడితే ఊడ్డానికే."

సూపరింటెండెంటు గారు కూడా మెడ వెనక్కి వంచి చూశారు. ఆయన కఠినుడు కాదు, జాగ్రత్తపరుడు. "ఇవాళ కొంచెం తిరిగింది. రేపు ఇంకొంచెం తిరిగి, సాగి, పిల్లల నెత్తిన పడదని ఎవరు చెబుతారు? మీరు చెప్పగలిగితే రాసివ్వండి. లేకపోతే ప్రారంభోత్సవం ఉదయం దించి ఫ్లెక్స్ కట్టిస్తాను."

ఆ ప్రశ్న సరైనదే. దానికి అభిప్రాయంతో కాక కొలతతోనే జవాబివ్వాలి. కదిలే వస్తువు రెండు రకాలు. ఒకటి వెళ్లి తిరిగి తన చోటికి వస్తుంది. రెండోది వెళ్లడమే గాని రాదు. మొదటిది ఆరోగ్యంగా ఉన్నట్టు, రెండోది అరుగుతున్నట్టు. మా స్తంభాలు ఏ రకమో తేలాలి. మధ్య స్తంభం వెదురు చట్రం అంచుకు ఒక సన్నటి దారం కట్టి, దాని కొసకు అతి చిన్న నట్టు తగిలించి, నేలకు అంటీ అంటనట్టు వదిలాను. కింద తెల్ల కాగితం అతికించి, మధ్యాహ్నం పొడిగా ఉన్నప్పుడు నట్టు నిలిచిన చోట గుర్తు పెట్టాను. సాయంత్రం అది ఎంత దూరం వెళ్తుందో, మర్నాడు ఎండ ఎక్కాక గుర్తుకు తిరిగి వస్తుందో రాదో చూడాలి.

మొదటిరోజు నాలుగు వేళ్ల దూరం వెళ్లింది. మర్నాడు మూడు వేళ్లే వెనక్కి వచ్చింది.

ఏఈ వంగి చూశాడు. "ఒక యేలు తినేసినాది సార్. రోజుకొకటి తింటే సెయ్యి పోద్ది."

రెండోరోజు అర వేలు తక్కువైంది. యువతి ఆ కాగితం వైపు వచ్చేది కాదు. దూరంగా గోడ మీద చేపలకు రంగు వేస్తూ, నా ముఖం చూసి కొలత గ్రహించే ప్రయత్నం చేసేది. నా ముఖంలో ఏమీ కనబడకుండా జాగ్రత్త పడ్డాను. ఒక్కమాట మాత్రం ముందే చెప్పాను. "తిరిగి రాకపోతే దారం నేనే తెంపుతాను. నా మీద ఆశ పెట్టుకోవద్దు, కాగితం మీద పెట్టుకో."

"కాగితం మీదే పెట్టుకున్నాను సార్," అంది, కుంచె ఆపకుండా.

తరువాతి రోజుల్లో తక్కువ పడేది పావు వేలు, ఆ తర్వాత గింజ మందం. కొత్త మడతలు సర్దుకుంటున్నాయన్నమాట. ఒక మధ్యాహ్నం నట్టు, పెన్సిలు గుర్తు ఒకదాని మీద ఒకటి నిలిచాయి. మర్నాడూ నిలిచాయి. సంతకం పెట్టవచ్చునని నేను అనుకున్నాను.

ప్రారంభోత్సవానికి ముందురోజు వాన పట్టింది.

తెల్లవారి హాలు తలుపు తీసేసరికి నట్టు అంతకుముందు పెట్టిన గుర్తులన్నీ దాటి, అతికించిన కాగితం అంచు దాకా పోయి ఉంది. స్తంభాలు తడిసిన చేతిరుమాళ్లలా బరువుగా వేలాడుతున్నాయి. ఏఈ నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. సామాన్ల గది నుంచి ఫ్లెక్స్ చుట్ట వచ్చింది. సూపరింటెండెంటు గారు మేఘాన్ని చూసి, "అతిథులు మధ్యాహ్నానికి వస్తారు. అందాకా చూద్దాం," అన్నారు.

అంతలో మామ్మ, ఆమెతోపాటు మడిచిన ఆడవాళ్లూ బస్సు దిగి వచ్చారు. ఇస్త్రీ చీరలు, తలలో కనకాంబరాలు. తాము మడిచింది చూడటానికి వచ్చినవాళ్లకు నిచ్చెన కనబడింది.

"ఏటిది? దించేస్తారా?" అంది మామ్మ.

యువతి జరిగింది చెప్పింది. మామ్మ వచ్చి నేల మీద గుర్తు పక్కన కూర్చుంది. మిగతావాళ్లూ కూర్చున్నారు.

వాన వెలిసింది. తూర్పు కిటికీల నుంచి ఎండ పడింది. నట్టు కదలడం మొదలుపెట్టింది. నా కొలతల్లో అది ఎప్పుడూ అంత దూరం నుంచి వెనక్కి రాలేదు. వస్తుందో లేదో చెప్పడానికి ఆధారం లేదు. చుట్టూ కూర్చున్నవాళ్లకు ఆ ఇబ్బంది లేదు.

"వస్తాది, వస్తాది."

"ఆగినాదే!"

"ఆగలేదు, నీ కళ్లు ఆగినాయి. సూడు, కదులుతన్నాది."

"కుడికే వస్తన్నాది, సూశారా?" అంది మామ్మ పైకి చూసి గర్వంగా. ఆమె కూర్చున్న చోటి నుంచి చూస్తే నిజమే. ఎండకు ముడుచుకుంటూ స్తంభాలు కుడికే తిరుగుతున్నాయి.

సూపరింటెండెంటు గారు ఒకసారి చూసి పోదామని వచ్చి, అక్కడే ఉండిపోయారు. ఏఈ ఫ్లెక్స్ చుట్ట మీద మోచేయి ఆనించి, మెడ చాచి చూస్తున్నాడు. "రా అమ్మా, రా," అన్నాడు నట్టుతో. ఇప్పుడు నువ్వు ఎవరి పక్షమని నేను అడగలేదు. యువతి మాత్రం గోడ దగ్గరే, మాకు వీపు పెట్టి నిలబడింది. చేప తోకకు రంగు ఎప్పుడో పూర్తయింది.

నట్టు గుర్తు అంచుకు వచ్చింది. కొంచెం ఆగింది. గుర్తు మీదికి ఎక్కి నిలిచింది.

నేను భూతద్దం పెట్టి చూశాను. రెండోసారి చూశాను. లేచి, "అమ్మాయీ, వచ్చి చూడు," అన్నాను. ఆమె పరుగున వచ్చి వంగి చూసి, మామ్మను వాటేసుకుంది. మామ్మ తలలోని పూలు ఊడి నేల మీద పడ్డాయి.

"ఒసే, ఒగ్గు! నా నడుం!" అంది మామ్మ.

సూపరింటెండెంటు గారు నా వైపు చెయ్యి చాచారు. నేను పటం విప్పి, "స్థిరము" అన్న మాట కొట్టేసి, "తేమకు తిరుగును, ఎండకు స్వస్థానము చేరును, పదేపదే కొలిచి చూచితిని" అని రాసి సంతకం చేశాను. ఆయన చదివి, "నిచ్చెన తీయండి," అన్నారు. ఏఈ ఫ్లెక్స్ చుట్టను భుజాన వేసుకుని సామాన్ల గదికి బయల్దేరాడు, తనే ముందు నుంచీ అదే చెబుతున్నట్టు.

ఆ మధ్యాహ్నం రిబ్బను కత్తిరించారు, ఉపన్యాసాలు అయ్యాయి. తర్వాత హాలు పిల్లలతో నిండింది. సూది వేయించుకుని గుక్కపట్టి ఏడుస్తున్న ఒక పసిదాన్ని తల్లి భుజాన వేసుకుని వచ్చి బల్ల మీద కూర్చుంది. పసిది వెల్లకిలా వాలి పైకి చూసింది. నోరు తెరిచే ఉంది, ఏడుపు మాత్రం ఆగింది. దాన్ని నేను కొలతగా చెప్పడం లేదు. ఒక్క పిల్లతో ఏదీ రుజువు కాదు. చూశానని మాత్రం చెబుతున్నాను.

ఆడవాళ్లు బస్సుకు లేచేవేళకు సముద్రపు గాలి మొదలైంది. గుమ్మం దాకా వెళ్లిన మామ్మ ఒకసారి వెనక్కి తిరిగి పైకి చూసి, అక్కడే నిలబడిపోయింది.

"బాబూ!"

"ఏం మామ్మా?"

"ఎడం తిరుగుతన్నాది!"

అందరం పైకి చూశాం. తేమ తగిలి సాగుతున్న స్తంభాలు, కింద నుంచి చూసేవాళ్లకు, నిస్సందేహంగా ఎడమకు తిరుగుతున్నాయి. యువతి ముఖం పాలిపోయింది. ఈ ముసలామె ఇప్పుడు దించమంటే ఏ సూపరింటెండెంటూ అడ్డుపడలేడు.

నాకు తెలిసింది ఒక్కటే చెప్పాను. "మామ్మా, మనం కింద నుంచి చూస్తున్నాం. అందుకని ఎడమ. పైనుంచి చూస్తే ఇదే కుడి. పటంలో ఎప్పుడూ పైనుంచి చూసినట్టే గీస్తాం."

"నిజమేనా?"

"నిజం. కావాలంటే గీసి చూపిస్తాను."

మామ్మ పైకి చూస్తూ, వేలు గాలిలో తిప్పి లెక్క వేసుకుంది.

"పైనుంచి ఎవులు సూస్తారు బాబూ?"

ఏఈ కిసుక్కున నవ్వాడు. నా సర్వీసంతా పైనుంచి చూసినట్టే గీసిన నేను ఆ ప్రశ్న ఒక్కసారైనా వేసుకోలేదు.  మామ్మ నా జవాబు కోసం ఆగలేదు. పైకప్పుకు కూడా పైన ఎక్కడో చూసి రెండు చేతులూ జోడించింది.

"ఆయనకి కుడైతే సాల్లే," అంది. "నడవండే, బస్సు ఎల్లిపోతాది."